దరఖాస్తులు స్వీకరించబడును: ‘నిరీక్షణి’ అను టీకా తాత్పర్యములతో

మూలము:

దరఖాస్తులు సోమవారము స్వీకరించబడును.

అవతారిక. కాళిదాసుకు టీక ఉంది. భారవికి ఉంది, మాఘుడికి ఉంది, శ్రీహర్షుడికి ఉంది. ఆ పని మన మెదక్ సీమ కొల్చారం మనిషి కోలాచల మల్లినాథ సూరి ఎన్నడో చేసి పెట్టాడు. కాళిదాసు కావ్యాల టీకకు సంజీవని అనీ, కిరాతార్జునీయం టీకకు ఘంటాపథమనీ, శిశుపాలవధ టీకకు సర్వంకష అనీ పేర్లు కూడా తనే పెట్టుకున్నాడు. అయితే గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కాళిదాసును చదివినవాళ్ల కంటె ఎక్కువమంది చదివిన వాక్యం ఒకటుంది. నిలబడి చదివారు, కాళ్లు గుంజితే కూసుండి చదివారు, చాయ తాగొచ్చి మళ్లీ చదివారు. నీలిరంగు రేకు మీద తెల్లటి అక్షరాలతో కిటికీ నెత్తిన ఉంటుంది. దానికి ఇంతవరకు టీక లేదు. ఆ లోటు తీర్చడానికి పూనుకుని, నా టీకకు ‘నిరీక్షణి’ అని పేరు పెట్టాను. ఎందుకా పేరు అని ఆ కిటికీ ముందు నిలబడ్డవాడెవడూ అడగడు.

ఏ కార్యాలయం అని మాత్రం అడగొద్దు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో చీలి, కొన్ని మండలాలు పక్కకు పోగా, ఎనిమిదయ్యాయి. వాటిలో ఎక్కడిదైనా అనుకోండి. రేకు అన్నిచోట్లా ఒకటే.

మల్లినాథుడు మూలంలో లేనిది రాయననీ, అక్కరకు రానిది చెప్పననీ మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ఏ కిటికీ ముందూ నిలబడలేదు. నిలబడి ఉంటే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేవాడు. నాకు అట్లాంటి నియమాలేవీ లేవని పాఠకులకు ముందే మనవి.

ప్రతిపదార్థము. దరఖాస్తులు అనగా దరఖాస్తులు. సోమవారము అనగా సోమవారం. ఈ రెండూ తెలియనివాడు ఆ కిటికీ దాకా రానే రాడు కాబట్టి వీటి మీద సిరా ఖర్చు పెట్టను. సోమవారం సెలవొస్తే ఏమిటి గతి అన్న శంకకు మూలకారుడే సమాధానం ఇయ్యలేదు, టీకాకారుడు ఎక్కణ్నుంచి తెస్తాడు?

రూపసిద్ధి. మిగిలింది ‘స్వీకరించబడును’. వాక్యానికి ప్రాణం ఉంటే ఇక్కడే ఉండాలి. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ప్రకారం దీన్ని విప్పితే ఇట్లా వస్తుంది. స్వీకరించు ధాతువు. దాని మీద ‘అన్’ చేరినప్పుడు ఇంచుక్కులోని చువర్ణం పువర్ణమై ‘స్వీకరింపన్’ అవుతుంది. దానికి ‘పడు’ తగిలితే, ద్రుతం మీది పరుషం గనక పకారం సరళమై బకారమవుతుంది, ద్రుతం అరసున్నగా మిగులుతుంది. స్వీకరింపఁబడును. ఇదీ సాధురూపం. రేకు మీద చూస్తే ‘ఇంపు’ పోయింది. అరసున్న పోయింది. ద్రుతం పోయింది. ద్రుతమంటే నకారమని వ్యాకరణం, వేగమని నిఘంటువు. ఆ కార్యాలయంలో ఏ అర్థం తీసుకున్నా ద్రుతలోపం నిత్యం. చిత్రమేమంటే ద్రుతం పోయినా, అది తెచ్చిపెట్టిన బకారం మాత్రం కదలకుండా కూర్చుంది. సారు బదిలీ అయి పోయినా ఆయన పెట్టిన కొర్రీ ఫైలు మీద ఉండిపోయినట్టే.

పెయింటరు రాసిన రేకుకు అరసున్నల లెక్క ఏమిటని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పాసుబుక్కులో మా నాయన పేరు చివర ‘య్య’ ఉండవలసిన చోట ‘మ్మ’ పడింది. ఆ సున్నిత హృదయుడు బతికి లేడు కాబట్టి సరిపోయింది. ‘య్య’కు ‘మ్మ’ ఆదేశమయ్యే సూత్రం బాలవ్యాకరణంలో లేదు. బహుజనపల్లి సీతారామాచార్యులు మిగిలినవన్నీ ఏరి ప్రౌఢవ్యాకరణం చేశాడు కదా, అందులోనూ వెతికాను, లేదు. ఇంకెక్కడా లేని ఆ సూత్రం కంప్యూటరు ముందు కూచున్న ఎవరో పిల్లగాడికి స్ఫురించింది. బ్యాంకువాడు ఆ ‘మ్మ’ను చూసి, నువ్వు ఈయన కొడుకువని రుజువేమిటి అంటాడు. ఒక్క అక్షరం దిద్దండి మహాప్రభో అన్న కాయితం చేతబట్టుకునే నేను ఈ మూలాన్ని తల ఎత్తి పారాయణ చేశాను. కాబట్టి అక్షరం పోతే ఏమవుతుందో నాకు చెప్పకండి.

కాలనిర్ణయము. ‘బడును’ భవిష్యత్తు అని జనం నమ్ముతారు. అక్కడే దెబ్బ తింటారు. బాలవ్యాకరణంలో భవిష్యదర్థానికి ‘కల’ చేరిన రూపం ఉంది: స్వీకరింపఁగలరు. ‘ను’తో ముగిసే ఈ రూపం తద్ధర్మార్థకం. భూతం కాదు, వర్తమానం కాదు, భవిష్యత్తూ కాదు. వస్తువు స్వభావం చెప్పేది. నిప్పు కాల్చును. నీరు పల్లమునకు పారును. దరఖాస్తు స్వీకరించబడును. స్వీకరించబడటం దరఖాస్తుల జాతిధర్మం. నీ చేతిలోని ఫలానా కాయితాన్ని ఇవాళ పదకొండింటికి లోపలికి తీసుకోవడం వేరే విషయం, దాని సంగతి మూలంలో లేదు. ఎప్పుడు అని అడిగినవాడు వ్యాకరణం రానివాడన్నమాట. పెయింటరు ఇంత సూక్ష్మం తెలిసే రాశాడని నేననను. ఎంతమంది అధికారులు మారినా ఆ రేకు మారకపోవడం వెనక మాత్రం ఎక్కడో శాస్త్రజ్ఞానం ఉందని నా అనుమానం.

ఇచట నొక శంక. తెలుగు ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ కదా, మరి ఇటలీలో ఈ రేకు మీద ఏం రాస్తారు?

ఈ శంక నాకు పుట్టింది కాదు, ఒకాయన పుట్టించాడు. సెప్టెంబరు 9, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. శాలువా కప్పుకున్న ఒక వక్త మైకు పట్టుకుని మన భాష ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నాడు, చప్పట్ల కోసం ఆగాడు, రాకపోతే మళ్లీ అన్నాడు. ఆ తరువాత ముందు వరుసలో కూచున్న బడిపిల్లల వైపు తిరిగి, మీరు ‘అత్తన్న, పోతన్న’ అనకూడదు, ‘వచ్చుచున్నాను, పోవుచున్నాను’ అని స్వచ్ఛంగా పలకాలి, అప్పుడే ఆ కీర్తి నిలుస్తుంది అన్నాడు. కాళోజీ ఫోటో ఆయన వెనకనే ఉంది, దండ వేసి. ఇక ఈ టీక కొంతసేపు కిటికీని విడిచిపెడుతుంది.

ఆ బిరుదును మనవాళ్లు నికొలో దె కొంతి ఖాతాలో రాస్తారు. పదిహేనో శతాబ్దంలో విజయనగరం దాకా వచ్చిన వర్తకుడు. అతడిది వెనిస్ దాపున ఉన్న కియోజ్జ. ఇంటికి చేరాక తన కథంతా పోప్ కొలువులోని పోజ్జో బ్రచ్చొలీనికి చెప్పుకుంటే, అతగాడు దాన్ని లాటిన్‌లో రాసి పెట్టాడు. అంటే వెనిస్ యాస మనిషి పేర, లాటిన్‌లో రాసినవాడి మీదుగా, ఇంగ్లీషు మాటల్లో మనకు అందిన పొగడ్త ఇది. ఇటలీ అనే రాజ్యం ఏర్పడింది 1861లో. పోనీ, పొగడ్తే కదా, ఉంచుకుందాం.

దానికి చెప్పే కారణం అజంతం. రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయట. ఇటాలియన్లు ఫిల్మ్ అంటారు, స్పోర్ట్ అంటారు, బార్ అంటారు. అరువు మాటలకు తోకలు తగిలించే శ్రద్ధ ఇప్పుడు వాళ్లకు లేదు. మనం బస్సు, కారు, బారు అనకుండా ఊరుకోం. ఆ లెక్కన వాళ్లే వెస్టు తెలుగు కావాలి. కాని ఇది చిల్లర వాదం, దీన్ని వదిలేస్తున్నాను. అసలు పోలిక అచ్చుల్లో లేదు, క్రియలో ఉంది. ఆ వక్తకు చూపించాలని ఇంటికొచ్చి ఒక ఇటాలియన్ క్రియను పట్టుకున్నాను. ఏరికోరి ‘స్వీకరించు’నే పట్టుకున్నాను. వాళ్లకది ‘అచ్చెత్తారె’.

నడత తప్పని క్రియ ఇది. వాళ్ల దగ్గర ‘ఆరె’తో ముగిసే క్రియలు మన ‘ఇంచు’ క్రియల్లాంటివి. బయటనుంచి ఏ కొత్త మాట వచ్చినా ఆ గుంపులోనే చేరి బుద్ధిగా నడుచుకుంటుంది. నేను స్వీకరిస్తాను: అచ్చెత్తో. నువ్వు: అచ్చెత్తి. ఆయన గానీ ఆమె గానీ: అచ్చెత్త. మేము: అచ్చెత్తియామో. మీరు: అచ్చెత్తాతె. వాళ్లు: అచ్చెత్తనో. నేను, నువ్వు అన్న మాటలు విడిగా చెప్పనక్కర లేదు. ఎవరు స్వీకరిస్తున్నారో క్రియ తోకే చెబుతుంది. కరీంనగర్‌లో తీస్కుంట, తీస్కుంటవ్, తీస్కుంటడు, తీస్కుంటది, తీస్కుంటం, తీస్కుంటరు. ఇక్కడా అంతే. ఎవరన్నది తోకలో ఉంది.

ఇక వక్తగారు ఈసడించిన ‘అత్తన్న’. వస్త అన్నది కరీంనగర్ దిక్కు అత్త అవుతుంది, చేస్త అన్నది చేత్త, ఇస్త అన్నది ఇత్త. సకారం పక్కనున్న తకారంలో కలిసిపోయి ద్విత్వమైంది. ఇప్పుడు అచ్చెత్తారె పుట్టుక చూడండి. లాటిన్‌లో అది ‘అక్కెప్తారె’. అందులోని ‘ప్త’ ఇటలీ నోళ్లలో నానగా నానగా ‘త్త’ అయింది. ఎనిమిదికి లాటిన్‌లో ‘ఒక్తో’, ఇటాలియన్‌లో ‘ఒత్తో’. ఏడు ‘సెప్తెం’, ఇప్పుడు ‘సెత్తె’. హల్లులు మారి ఉండొచ్చు, నడిచిన తొవ్వ ఒకటే. లాటిన్ పండితులు ముక్కు విరిచిన ఆ పలుకులనే డాంటే తలకెత్తుకున్నాడు. పామర భాష గొప్పదని వాదించే పుస్తకాన్ని మాత్రం, పండితులు చదవాలి గనక, లాటిన్‌లో రాశాడు. అటువంటి ఇటాలియన్ పేరు చెప్పి ‘అత్తన్న’ తప్పని కరీంనగర్ పిల్లలకు బుద్ధి చెప్పడం ఎట్లాంటిదో ఆ వక్తకు చెప్పేవాళ్లు లేరు. నేను సభలో చెప్పలేదు, శాలువాలు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఒక్క వర్తమానంతో క్రియ అయిపోదు. వాళ్ల బడి పట్టికల్లో ఏడు రీతులు, అన్నీ కలిపి ఇరవై ఒక్క కాలాలు. వాటన్నిటినీ ఇక్కడ గుమ్మరించను గాని, కొన్ని చూస్తే ఎవడో ఇటలీవాడు మన కిటికీ ముందు నిలబడే ఈ వ్యాకరణం కట్టాడనిపిస్తుంది. గతంలో సాగిన అలవాటుకు ‘అచ్చెత్తావ’. వెనకటి సారు ఉన్నప్పుడు నిలబడ్డకాడనే తీస్కుంటుండె, అంటామే, అది. తెగిపోయిన పాత గతానికి ‘అచ్చెత్తో’, చివరి అచ్చు ఊది పలకాలి. దక్షిణాదిన ఇప్పటికీ నోట నలుగుతుంది, ఉత్తరాదిన ఎక్కువగా పుస్తకాలకే. దానికంటె వెనకటి గతానికి ‘ఎబ్బె అచ్చెత్తాతో’ అని ఒకటుంది, అది మాటల్లో చచ్చిపోయింది. మా నాయన పేరు సరిగ్గా రాసిన పాత పహాణీ ఆ కాలానిది.

ఆశ, అనుమానం, భయం, కోరిక, వీటిలో ఏదైనా ముందు నిలబడితే ఇటాలియన్ క్రియ తన రూపమే మార్చుకుంటుంది. ఆయన స్వీకరిస్తాడు అంటే అచ్చెత్త. ఆయన స్వీకరిస్తాడని ఆశపడుతున్నాను అంటే అచ్చెత్తి. చివరి అచ్చు మారింది, అంతే. కిటికీకి అవతల కూచున్నవాళ్లది మొదటి రీతి, ఇవతల నిలబడ్డవాళ్లది రెండోది.

‘అవ్రా అచ్చెత్తాతో’ అని భవిష్యత్తులో ఒకటుంది. పేరుకు భవిష్యత్తు. వాడుకలో మాత్రం జరిగినదాని మీద ఊహ. తీస్కోనుంటడు తీ, అని మనం అనే మాటకు తు.చ. తప్పకుండా సరిపోతుంది. అన్నిటికంటె నాకు నచ్చింది ‘అవ్రెబ్బె అచ్చెత్తాతో’. ఇటలీ పత్రికలవాళ్లు ఏదైనా వార్త మాకు తెలిసిందే గాని మా పూచీ లేదు అనదలిస్తే ఈ రూపం వాడతారు. తీస్కున్నడట. మనకు ‘అట’ అన్న రెండక్షరాలతో తీరిపోయే పని. కాని వాళ్ల రూపానికి ఇంకో అర్థం కూడా ఉంది: తీసుకునేవాడే, ఏదో అడ్డం పడి తీసుకోలేదు. తీసుకున్నాడట, తీసుకునేవాడే కానీ తీసుకోలేదు, ఈ రెంటికీ ఒకే రూపం! మా దస్త్రం కొన్నాళ్లుగా సరిగ్గా ఆ రూపంలోనే ఉంది.

వాళ్లకు లేనిదీ మనకున్నదీ ఒకటుంది. వ్యతిరేకానికి వాళ్లు ముందు ‘నోన్’ తగిలించి ఊరుకుంటారు. మన క్రియ కాదనడాన్ని కూడా కడుపులోనే పెట్టుకుంటుంది: తీస్కోను, తీస్కోవు, తీస్కోడు, తీస్కోదు, తీస్కోం, తీస్కోరు. అన్ని పురుషల్లోనూ ఎదురులేకుండా నడిచే క్రమం ఇదొక్కటే.

ప్రకృతమనుసరామః. రేకు దగ్గరికి వద్దాం.

ఇటలీ కార్యాలయం రేకు రాస్తే ‘సి అచ్చెత్తనో దొమాందె’ అని రాస్తుంది. దరఖాస్తులు స్వీకరించబడును. చేసేవాడు లేడు. నిక్షేపంలా ఉన్న ఆరు తోకల క్రియను తీసుకుని ఎవరూ కనపడకుండా చేశారు. అంటే వక్తగారు చెప్పింది నిజమే, సాక్ష్యం చెప్పడంలోనే పొరబడ్డాడు. ఆ పోలికకు చూపవలసింది కిటికీ.

ఈ కర్మణి ప్రయోగం మీద ఇంకొంచెం చెప్పాలి. పని చేసినవాణ్ని దాచడానికి చాలా భాషలు ఒక సహాయ క్రియను పిలుస్తాయి. ఇంగ్లీషు ‘ఉండు’ను పిలుస్తుంది. ఇటాలియన్‌కు ‘ఉండు’తో పాటు ‘వచ్చు’ కూడా పనికొస్తుంది. నిజాం కాలంలో ఇక్కడ దఫ్తరు నడిపిన ఉర్దూ ‘జానా’ను, అనగా ‘పోవు’ను పిలుస్తుంది. తెలుగు ‘పడు’ను పిలుస్తుంది. కాబట్టి దరఖాస్తు లండన్‌లో ఉంటుంది, రోములో వస్తుంది, హైదరాబాదు పాత దఫ్తరులో పోతుంది, మన దగ్గర పడుతుంది. ఎక్కడ పడింది, ఎవరి బల్ల కింద పడింది అన్నది లేదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగును కచేరీలోకి తీసుకొచ్చినప్పుడు మన జనం నిజంగానే సంతోషించారు. ఉర్దూ రాని రైతుకు ఇక పట్వారీ చదివి పెట్టనక్కర లేదనుకున్నారు. లోపలికి వచ్చిన తెలుగు మాత్రం ఇంటి తెలుగు కాదు. ఉర్దూ పోకడనూ ఇంగ్లీషు ఫైలునూ కలిపి, పైన సంస్కృతం పూసింది. దస్కతు పోయి సంతకం, సంతకం పోయి ‘హస్తాక్షరములు చేయబడినవి’.

ఇటాలో కాల్వీనో 1965లో ‘ఇల్ జోర్నో’ పత్రికలో ‘లాంతిలింగ్వ’ అని ఒక వ్యాసం రాశాడు, ప్రతిభాష అందాం. ఠాణాలో ఒక మనిషి, పొద్దున్నే పొయ్యి రాజేయడానికి కింది గదిలోకి పోతే అక్కడ ద్రాక్షసారా సీసాలు కనపడ్డాయని మామూలుగా చెప్పుకుంటాడు. టైపు కొట్టే పోలీసు అతడి పొయ్యిని, సీసాలను, పోవడాన్ని కూడా మిగల్చకుండా కచేరీ మాటల్లోకి మార్చేస్తాడు. మనిషి చెప్పిన మాట చెప్పినట్టు రాయడానికి భయం, అదీ కాల్వీనో పట్టుకున్న రోగం. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు ఇటలీ మీద మొదటిసారి నిజమైన చుట్టరికం కలిగింది.

ఇచట పూర్వపక్షము. ప్రభుత్వం అనేది వ్యక్తి కాదు, దానికి ‘నేను’ ఎక్కడిది, అందుకే కర్తృలోపం, అని కొందరు. వారు గంగాధర దాపున కురిక్యాల బొమ్మలగుట్ట మీదికి పోయి రావలె. పదో శతాబ్దపు శాసనం అక్కడ బండ మీద ఉంది, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో. తెలుగు కందపద్యాలు ఇంత పాతవి ఉన్నాయని 2008లో ప్రాచీన హోదా వచ్చేనాటికి అందరూ దాన్నే చూపించారు. ఆ గుట్ట మీది పనులు ఎవరు చేయించారో అందులో పేరు పెట్టి ఉంది: జినవల్లభుడు, పంపకవి తమ్ముడు. బండ మీద చేసినవాడి పేరు వెయ్యేండ్లకు పైగా చెక్కుచెదరలేదు. రేకు మీద చేసేవాడి పేరు మొదటి రోజు నుంచీ లేదు. రాజుల కాలంలో ఉండగలిగిన కర్త ప్రజల కాలంలో ఎందుకు మాయమయ్యాడో పూర్వపక్షులు చెప్పాలి.

ఉట్నూరు, జైనూరు దిక్కున గోండి, కొలామి మాట్లాడేవాళ్ల క్రియల్లోనూ చేసేవాడి జాడ తోకలోనే ఉంటుంది. కొలామి మీద ఎమెనో 1955లో వెలువరించిన పుస్తకంలో ఆ తోకలన్నీ వరుసగా దొరుకుతాయి. మరాఠీ, ఉర్దూ, తెలుగు ముచ్చటగా కలిపి బజారు నడుపుకునే ఆ మనుషులకు ‘స్వీకరించబడును’ నాలుగో భాష కాదు, ఏ భాషా కాదు. వాళ్లు ఆ కిటికీ ముందు నిలబడి చదవరు. ఎవరు తీస్కుంటరు అని పక్కవాణ్ని అడుగుతారు. సరైన ప్రశ్న అదే.

ఇప్పుడు ఆ కిటికీ అవతలి మనిషి నోటి భాష వినండి. నేను అడిగినవీ అతడు చెప్పినవీ ఉన్నదున్నట్టు.

“ఏం తమ్మీ, నా కాయితం సారు చూసిండా?”

“చూసిండు పంతులుసార్.”

“దస్కతు పెట్టిండా?”

“పెట్టలె. మీటింగ్‌కు పోయిండు.”

“రేపు పెడ్తడా?”

“పెడ్తడు గావచ్చు. రేపు అత్తడో రాడో నాకెర్క లేదు. మొన్న అచ్చేదుండె, రాకపాయె.”

నాలుగు మాటల్లో ఎన్ని కాలాలు, ఎన్ని రీతులు! జరిగింది, జరగనిది, జరగొచ్చునన్నది, జరగవలసి ఉండి తప్పిపోయింది. ఇటలీ బడిపంతులు పట్టిక వేసుకుని లెక్కబెట్టుకోవాలి. ఎక్కువ క్రియల తోకల్లో సారు స్పష్టంగా కనపడుతున్నాడు, మీటింగ్‌కు పోయిన సారు కూడా. ‘అచ్చేదుండె, రాకపాయె’ అన్న ఆ రెండు మాటల్లో నా మీద కాసింత జాలి కూడా ఉంది. ఆ కుర్రవాడే వెంటనే రిజిస్టరు ముందుకు లాక్కుని, నా పేరుకు ఎదురుగా ‘పరిశీలనలో ఉంచబడినది’ అని రాసుకున్నాడు. కలం పట్టగానే సారు మాయమయ్యాడు. జాలి పోయింది. అతడి తప్పేమీ లేదు, అట్లా రాయకపోతే పైవాళ్లు ఒప్పుకోరు.

బహుళవిచారము. వ్యాకరణంలో ‘బహుళం’ అని ఒక మాటుంది. ఒకచోట కార్యం జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట జరిగినా సరే జరగకపోయినా సరే, ఒకచోట అడిగింది కాకుండా ఇంకోటి జరుగుతుంది. ఈ నాలుగూ కలిపి బహుళం. నా ముందున్నామె వితంతు పింఛను కాయితం లోపలికి పోయింది. నాది పోలేదు. నా వెనకాయనను పెద్దమనుషులెవరో ఫోన్ చేస్తే లోపలికి పిలిచారు. భూమి సర్వే నంబరు దిద్దమన్న ఇంకొకాయనకు కులం సర్టిఫికెట్ ఇచ్చారు. పాణినీయులు ఉదాహరణల కోసం ఇంత దూరం పోనక్కర లేదు. అట్లాగే ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందని, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తీసేసి ఆ చోట కూచుంటుందని పెద్దలంటారు. గేటు దగ్గర జిరాక్సు దుకాణం పక్కన ‘నేను చేయిస్త సార్, మీరెందుకు నిలబడుడు’ అంటూ మిత్రభావంతో పక్కన చేరేవాడు ఆగమం. పై కార్యాలయం నుంచి తారీఖు వేసి వచ్చేవి ఆదేశాలు. ఒక ఆదేశం వచ్చి పాత పద్ధతిని తీసేస్తుంది, ఇంకో ఆదేశం వచ్చి దాన్ని తీసేస్తుంది, నా ‘మ్మ’ మాత్రం నిత్యంగా ఉంటుంది.

పాఠాంతరము. మూలానికి శుద్ధపాఠం ఒకటి సూచించదలచి, ఒక సోమవారం ఆ కుర్రవాణ్ని తీరుబడిగా పట్టుకున్నాను. బోర్డు మార్చండి తమ్మీ, నా ఖర్చుతో పెయింటరును తెస్తా అన్నాను. ఏమని రాయాలె అన్నాడు. కాయితం వెనక రాసి చూపించాను: ‘మీ కాయితం సోమారం నేను తీస్కుంట’, కింద పేరు, సీటు నంబరు. ఉత్తమ పురుష, ఏకవచనం, తోక పదిలంగా ఉంది. అరసున్న అక్కర లేదు. అతడు మనసులో ఒకసారి, పైకి ఒకసారి చదువుకుని, నవ్వి, అటూ ఇటూ చూశాడు.

“గట్ల రాస్తె తీస్కోవాలె గద సార్!”

ఆ రోజు నా కాయితం తీసుకున్నాడు. ఇంకు ప్యాడు ఎండిపోతే రబ్బరు ముద్రను నోటి దగ్గర పెట్టి రెండుసార్లు ఊది, రసీదు మీద గట్టిగా ఒత్తాడు. సగం పడింది. ‘...లించబడును’.